ఇరవై నాలుగో గీత

మిదెల్త్
1994 అక్టోబరు 21

హద్దూ బాబాయికి ఇత్తో సలాములు.

నాన్న పోయిన నలభయ్యో రోజున మీ ఉత్తరం చేరింది. ఆ రోజు ఇంటికి వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించాను. జవాబు రాయడానికి మాత్రం ఇన్నాళ్లు పట్టింది. కాగితం ముందు కూర్చుంటే ఏడుపు వచ్చేది. ఇప్పుడు పనిబడి రాస్తున్నాను కాబట్టి చేయి ఆడుతోంది.

నాన్న టాక్సీ నా దగ్గరే ఉంది. అన్నయ్య వద్దన్నాడు. "తొమ్మిది లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇనుముకి నా గుమ్మంలో చోటు లేదు" అన్నాడు. నేను పైన బోర్డు తీసేసి, ఆసుపత్రి క్వార్టర్స్ ముందు పెట్టుకుని నడుపుతున్నాను. కొండ మీద ఐత్ వఫెల్లా ఊళ్లో కాన్పులు చేసేది నేనొక్కదాన్నే. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, అందులో సగం ఘాటు రోడ్డు. బస్సు మధ్యాహ్నానికి గాని అక్కడికి చేరదు. బిడ్డలు మధ్యాహ్నం దాకా ఆగరు.

చలి మొదలైనప్పటి నుంచి బండి పొద్దున స్టార్ట్ కావడం లేదు. ఎండ పడ్డాక కొడితే ఒక్కసారికే అందుకుంటుంది. ఆరింటికి కొడితే మాత్రం తిరుగుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. పది పన్నెండుసార్లు కొట్టాక, దేవుడికి దయ కలిగితే, వణుకుతూ లేస్తుంది. ఇక్కడి మెకానిక్కులు ఇంజను విప్పేద్దాం అంటున్నారు. అది మీరు బిగించిన ఇంజను. మిమ్మల్ని అడగకుండా ఎవరినీ ముట్టనివ్వనని చెప్పాను.

మీరు చూడకుండానే చెప్పగలరా?

మీ
ఇత్తో


సఫీ
1994 అక్టోబరు 30

ఇత్తో తల్లికి,

నీ ఉత్తరం భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివాను. నా కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటికి పోయినేడు ఆపరేషన్ చేశారు, అక్షరాలు కనబడుతున్నాయి గాని చీమల్లా నడుస్తున్నాయి. నా వరసలు వంకరగా ఉంటే నవ్వుకో.

ఆ బండి మిదెల్త్‌కి వచ్చిన రోజు నీకు గుర్తుందా? నీకు తొమ్మిదేళ్లు. సీటు మురికవుతుంది, చెప్పులు విప్పి ఎక్కమన్నాడు మీ నాన్న మోహా. నువ్వు అలిగి, చెప్పులు వేసుకునే ఇంటిదాకా నడిచి వెళ్లావు. మోహా నీ పక్కనే మొదటి గేరులో బండి నడిపిస్తూ బతిమాలాడు. బజారంతా నవ్వింది. కొత్త బండిలో మొదటి సవారీ మీ నాన్న ఒక్కడే చేశాడు.

చూడకుండా ఎందుకు చెప్పలేను? నువ్వు కడుపులో బిడ్డని చూసి చెబుతావా? గొట్టం ఆనించి వింటావు. అలాగే విని నాకు రాయి.

ముందు చెవి. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతోందా, ఈడుస్తోందా? ఈడుస్తుంటే బ్యాటరీ పని, లేకపోతే తీగల మొదట్లో తుప్పు. రెండోది హీటర్ ప్లగ్గులు. నాలుగుంటాయి. చలి ఇంజనుకి లోపల కాస్త వెచ్చబెట్టేవి అవే. ఒక్కోదాని తీగ ఊడదీసి, చిన్న బల్బుతో బ్యాటరీ నుంచి ముట్టించు. బల్బు వెలిగితే ప్లగ్గు బతికుంది. వెలగకపోతే చచ్చింది, మార్చు. మూడోది గాలి. బండి రాత్రంతా నిలబడితే డీజిలు వెనక్కి జారి గొట్టంలో గాలి పడుతుంది. పంపు పక్కన చేత్తో నొక్కే బుడిపె ఒకటుంది. అది గట్టిపడేదాకా నొక్కి అప్పుడు కొట్టి చూడు.

ఇవన్నీ అయ్యాక పొగ చూడు. రంగు రాయి, వాసన రాయి.

భయపడకు. ఆ ఇంజను నా చేతిమీద లేచిన ఆఖరిది. అది అంత తేలిగ్గా మొండికెయ్యదు.

మీ బాబాయి
హద్దూ


మిదెల్త్
1994 నవంబరు 11

హద్దూ బాబాయికి సలాములు.

మీరు చెప్పిన వరసలోనే చేశాను. సెల్ఫ్ చురుగ్గానే తిరుగుతోంది. తీగల తుప్పు గీకాను. ప్లగ్గుల్లో మూడోది చచ్చిపోయింది, మార్చాను. అది విప్పడానికి ఒక ఆదివారం పోయింది. సబ్బుతో ఎంత తోమినా గోళ్ల నలుపు పోలేదు. మర్నాడు ఆసుపత్రిలో ఒక ముసలామె నా చేతులు చూసి, "మంత్రసానమ్మా, మా కోడలికి కాన్పు చేస్తావా, ఆయిలు మారుస్తావా?" అంది. గాలి కూడా చూశాను. బుడిపె గట్టిగానే ఉంది.

అయినా పొద్దున లేవడం లేదు.

పొగ తెల్లగా, చిక్కగా వస్తోంది. పచ్చి డీజిలు కంపు, కళ్లు మండుతాయి. మూడు కిలోమీటర్లు పోయాక పొగ ఉండదు, వాసన ఉండదు, ఇంజను మామూలుగా ఉంటుంది. కానీ ఘాటు ఎక్కేటప్పుడు బలం చాలదు, రెండో గేరుకి దిగాలి. నాన్న కూడా దిగేవారు. ముసలి బండి కదా అనుకునేవాళ్లం.

ఇంకో సంగతి రాయాలి. పోయిన మంగళవారం ఏడింటికి చేరాల్సినదాన్ని పది దాటాక చేరాను. తూదా అనే అమ్మాయికి తొలి కాన్పు. బిడ్డ అప్పటికే బయటికొచ్చేసింది, మాయ రాలేదు. వాళ్ల అత్తగారు మూడు గంటలు ఆ పిల్ల పొత్తికడుపు అదిమిపట్టుకుని కూర్చుంది. నేను వెళ్లేసరికి చాపంతా నెత్తురు. బతికింది, కానీ ఇప్పటికీ లేచి నిలబడలేదు. ఆ అత్తగారు నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

మా పై అధికారి కొత్త సంవత్సరం దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత నన్ను ఆఫీసు పనికి మార్చి, ఐత్ వఫెల్లాని మూసేస్తాడట. మరో మనిషి ఆ చలికి రాదు.

నాకు ఇక ఏం చూడాలో తెలియడం లేదు. మీరే చెప్పాలి.

ఇత్తో


సఫీ
1994 నవంబరు 20

ఇత్తోకి,

నీ ఉత్తరం అందింది. ఆ అమ్మాయి కోలుకోవాలని ప్రార్థిస్తున్నాను.

బండి అమ్మేయి. తొమ్మిది లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజనులో రింగులు అరిగిపోతాయి, చెయిను సాగుతుంది. ముసలితనానికి మందు లేదు. ఇనుము కొట్లో అడిగితే తీసుకుంటారు. ఆసుపత్రివాళ్లని జీపు అడుగు.

మెకానిక్కులెవరితోనూ విప్పించకు. దండగ.

హద్దూ


మిదెల్త్
1994 డిసెంబరు 3

హద్దూ బాబాయికి సలాములు.

మీ సలహాకి కృతజ్ఞతలు. బండి అమ్మే అవసరం రాలేదు. బ్యాటరీ కొత్తది వేయించాను, సమస్య తీరిపోయింది. ఇప్పుడు రోజూ వేళకే వెళుతున్నాను. బండిని ఆపిల్ గోదాము పక్కన, నాన్న పెట్టే చోటే పెడుతున్నాను.

తూదా నిన్న నీళ్ల బిందె ఎత్తింది. ఎత్తొద్దని కేకలేశాను.

అయ్యాషీ కొండ మీద మంచు సగం దాకా దిగింది. మీరు ఆరోగ్యం చూసుకోండి. ఇక బండి గురించి మీరేమీ ఆలోచించకండి.

ఇత్తో


సఫీ
1994 డిసెంబరు 13

ఇత్తో తల్లికి,

అబద్ధం ఆడటం మీ నాన్నకు బాగా వచ్చు. నీకు నేర్పకుండానే పోయాడు.

బ్యాటరీ మారిస్తే తెల్ల పొగ పోదు. సెల్ఫ్ చురుగ్గా ఉందని రాసినదానివి బ్యాటరీ ఎందుకు మారుస్తావు? ఆపిల్ గోదాము వాలు నెత్తిమీద ఉంది. నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ మోహా బండిని కిటికీలోంచి కనబడాలని గుమ్మం ముందే పెట్టుకునేవాడు. పొద్దున్నే చలిలో కొండెక్కి బండి దగ్గరికి వెళ్లే మనిషి కాదు. వాలు మీద దొర్లించి గేరు వేస్తే ఎలాంటి ఇంజనైనా లేస్తుంది. ఎప్పటి నుంచి అక్కడ పెట్టాడో నువ్వు నాకు చెప్పనక్కర్లేదు. 1983 చలికాలం నుంచి పెట్టి ఉంటాడు.

నీ రెండో ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. తెల్ల పొగ, పచ్చి డీజిలు కంపు, ఘాటులో బలం లేకపోవడం, వేడెక్కాక మామూలైపోవడం. పంపు డీజిలు ఆలస్యంగా కొడుతోంది. ఇంజను వేడిగా ఉంటే ఆ ఆలస్యం తెలియదు. చలిలో అది దాగదు. రింగులు, చెయిను అని నీకు రాసినవన్నీ సాకులు. ఆ పంపు బిగించింది నేను.

ఇంజను ముందు పుల్లీ మీద సన్న గీతలుంటాయి. ఇరవై నాలుగో గీత దగ్గర ఆపి పంపు బిగించాలి. ఆ ఏడు నా రెండు కళ్లకీ పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. చూపు లేని మెకానిక్కు దగ్గరికి ఎవడొస్తాడు? మీ నాన్న టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. "కనబడుతోందా?" అని అడిగాడు. "కనబడకపోతే నేను హద్దూనే కాదు" అన్నాను. గోరుతో తడిమి గీతలు లెక్కపెట్టాను.

బండి ఎండవేళ లేచింది. ఆ వారమే నేను కూతురి దగ్గరికి సఫీ వచ్చేశాను. మోహా బస్సు దాకా వచ్చి, "నువ్వు బిగించిన ఇంజను గడియారంలా ఉందిరా" అన్నాడు. ఆ మాట పట్టుకుని పదకొండేళ్లు బతికాను. ఇక్కడ రేవులో పడవల ఇంజన్లు బాగుచేసే కుర్రాళ్ల దగ్గర కూర్చుని, నా ఆఖరి ఇంజను మిదెల్త్‌లో ఇంకా తిరుగుతోందని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. వాళ్లు నవ్వి సార్డీన్లు కాల్చి పెట్టేవాళ్లు.

బండి ఇనుము కొట్టుకి పోతే నా తప్పు కూడా పోతుందనుకున్నాను. అందుకే అమ్మేయమన్నాను. తూదా సంగతి చదివాక కూడా అలాగే రాశాను. దీన్ని నువ్వు క్షమించినా నాకు ఊరట లేదు.

బండిని మెక్నెస్ పట్నం తీసుకెళ్లు. మంచి మెకానిక్కు ఎవడికైనా "పంపు ఆలస్యం" అని ఒక్క మాట చెప్పు. గంటలో సరిచేస్తాడు. ఎవరు బిగించారని అడిగితే నా పేరు చెప్పు.

హద్దూ


మిదెల్త్
1994 డిసెంబరు 22

బాబాయికి,

అవును, అబద్ధం రాశాను. మీరు రాశారు కదా అని నేనూ రాశాను.

మీరు అమ్మేయమన్న ఉత్తరం చేరిన రోజు ఏడుపొచ్చి టాక్సీ స్టాండుకి వెళ్లాను. నాన్నతో పాటు ఇరవై ఏళ్లు బండి తోలిన బస్సూ మామ అక్కడ పొయ్యి దగ్గర కూర్చునున్నాడు. ఉత్తరం చూపించాను. గడ్డం గోక్కుంటూ చెప్పాడు.

1984 జనవరిలో నాన్న బండిని మెక్నెస్‌లో ఒక మెకానిక్కు చూశాడట. "పంపు లేటుంది, గంట పని" అని స్పానర్ తీశాడట. నాన్న బానెట్ మూసేశారట. "దీన్ని హద్దూ బిగించాడు. విప్పితే హద్దూయే విప్పాలి" అన్నారట. దారిలో బస్సూ మామ, "అయితే వాడికి ఉత్తరం రాసి పిలిపించు" అన్నాడట. దానికి నాన్న, "కళ్లు పోయి కూర్చున్నవాడికి, చేతులు కూడా పోయాయిరా అని నేను రాయాలా?" అన్నారట. ఆ రోజు నుంచి బండి గోదాము దగ్గరే. మాకు ఇంట్లో నడక ఆరోగ్యానికి మంచిదని చెప్పేవారు. మోకాళ్లకి రోజూ ఆలివ్ నూనె రాసింది నేనే.

మీ మీద కోపం రాలేదని రాయను. నాలుగు రోజులు వచ్చింది. తర్వాత నాన్న మీద వచ్చింది. మీ ఇద్దరి స్నేహానికి తూదా ఎందుకు నెత్తురు కార్చాలి? ఈ మాట ఒకసారి మీకు చెప్పుకోవాలి, చెప్పాను. ఇక మళ్లీ అనను.

మెక్నెస్ తీసుకెళ్లను. నాన్న పదకొండేళ్లు ఎవరినీ ముట్టనివ్వని పంపుని నేను మాత్రం ఎవరి చేతికిస్తాను? మీరు రండి. చేతులు మీవి, కళ్లు నావి. సన్న గీతలు చదవడం నాకు రోజూ ఉండే పనే.

గోదాము వాలు మీద ఇప్పుడు గడ్డకట్టిన మంచు ఉంది. బండి దొర్లించాలంటే భయమేస్తోంది. త్వరగా రండి. మందపాటి జెల్లాబా వేసుకుని రండి, సఫీలో వేసుకునేది ఇక్కడికి చాలదు.

ఇత్తో


మిదెల్త్
1995 జనవరి 14

బాబాయికి ఇత్తో సలాములు.

మీరు క్షేమంగా చేరారని అనుకుంటున్నాను. మీరు బయల్దేరిన పొద్దున నేను ఆరింటికే వెళ్లిపోవాల్సి వచ్చింది, బస్సు దాకా రాలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ఈ వారం చలి ఎలా ఉందంటే కుళాయిలు పగిలాయి. సున్నాకి తొమ్మిది కింద. ప్రతి పొద్దునా ప్లగ్గులు వేడెక్కి పసుపు దీపం ఆరేదాకా ఆగి తాళం తిప్పాను. ప్రతి పొద్దునా మొదటిసారికే లేచింది. పొగ వస్తుంది గాని పలచగా, ఊపిరిలాగా. నిన్న ఘాటు మొత్తం మూడో గేరులో ఎక్కాను. పైకి చేరాక బండి ఆపి దిగి, ఊరికే కాసేపు నిలబడ్డాను. నాన్న ఆ రోడ్డుని ఈ పదకొండేళ్లలో ఒక్కసారి కూడా మూడో గేరులో ఎక్కలేదు కదా అనిపించింది.

ఆ మధ్యాహ్నం మీతో బానెట్ కింద గడిపిన రెండు గంటలూ నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తున్నాయి. నేను గీత చదివి "పద్నాలుగు" అన్నాక మీరు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయారు. నేను వేరే అంకె చెప్పి ఉంటే బాగుండేదేమో అని కూడా అనిపించింది. తర్వాత మీరు పంపు నట్లు వదులు చేసి, మొదటి గొట్టం విప్పి, డీజిలు చుక్క మీ వేలి మీద పడేలా పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను కళ్లతో చూసి చెప్పేలోగా మీ వేలికే తెలిసిపోయేది. "ఇప్పుడు చదువు" అన్నారు. ఇరవై నాలుగు. మీ చేతులు ఎక్కడికీ పోలేదు బాబాయ్. ఆ రోజు నాన్న టార్చిని మీకిచ్చి, తాను గీత చదివి ఉంటే సరిపోయేది.

పై అధికారి మళ్లీ ఆఫీసు మాట ఎత్తలేదు. ఐత్ వఫెల్లా రిజిస్టరులో ఈ నెల నాలుగు కాన్పులు రాశాను. నాలుగింటికీ నేను ముందే ఉన్నాను.

ఒకటి అడగాలి. మీరు వెళ్లిన రోజు స్టాండులో ఏం జరిగింది? అడిగితే బస్సూ మామ నవ్వుతున్నాడు, చెప్పడు. మిగతావాళ్లు కూడా నా బండి కనబడితే మీసాల్లో నవ్వుకుంటున్నారు.

ఇత్తో


సఫీ
1995 జనవరి 23

ఇత్తో తల్లికి,

క్షేమంగా చేరాను, కాకపోతే ఒక రోజు ఆలస్యంగా. ఎందుకో చెబుతాను.

నువ్వు వెళ్లాక సంచీ పట్టుకుని స్టాండుకి నడిచాను. బస్సుకి ఇంకా గంట ఉంది. పొయ్యి చుట్టూ డ్రైవర్లు పది పన్నెండు మంది ఉన్నారు. ముఖాలు పోల్చుకోలేకపోయాను గాని గొంతులు చాలావరకు పాతవే. చాయ్ చేతికిచ్చారు. తాగబుద్ధి కాలేదు. రాత్రి నుంచీ ఒకటే అనుకున్నాను, ఈ మాట వీళ్లకి చెప్పకుండా బస్సెక్కితే మోహా మోసిన మూట ఇంకెవరి నెత్తికో ఎత్తినట్టే అని. లేచి నిలబడ్డాను.

"మీ అందరికీ ఒక మాట చెప్పాలి" అన్నాను. "మోహా బండి పంపు తప్పుగా బిగించింది నేను. ఇరవై నాలుగుకి పెట్టాల్సింది పద్నాలుగుకి పెట్టాను. నా కళ్లు కనబడటం లేదని దాచాను. మోహా అది కడుపులో పెట్టుకుని, నా పేరు పోకూడదని పదకొండేళ్లు దొర్లించుకుంటూ బతికాడు. నా మీద ఎవరికైనా గౌరవం మిగిలుంటే, ఈ సంగతి తెలిసి మిగుల్చుకోండి."

ఎవరో పొయ్యిలో ఇంకో కట్టె పెట్టారు.

బస్సూ అన్నాడు, "అయిపోయిందా? కూర్చో. చాయ్ చల్లారుతోంది."

"నేనన్నది విన్నావా?"

"విన్నాను. అది మాకు తెలుసు."

"నీకు తెలుసు. మోహా నీకు చెప్పాడు."

"నాకే కాదు, అందరికీ తెలుసు" అన్నాడు. "గోదాము వాలు గడ్డకట్టినప్పుడు ఆ బండిని తోసింది ఎవరనుకున్నావు? దేవదూతలా? నా నడుముని అడుగు, చెబుతుంది."

ఇంకో గొంతు, నాకు తెలియని పడుచు గొంతు, "నేను లైసెన్సు తీసుకున్న మొదటి రోజే తోశాను, హద్దూ తాతా. నాకు మొదట నేర్పిన పని అదే" అంది.

"పదకొండేళ్లలో ఒక్కడు కూడా నాకు కబురు పెట్టలేదేం?"

"మోహా అందరి చేతా ఒట్టు వేయించాడు" అన్నాడు బస్సూ. "అయినా చలికాలం పొద్దున నలుగురం కలిసి బండి తోస్తే ఒళ్లు వెచ్చబడేది. ఈ ఏడాది మోహా లేడు, తోయమని పిలిచేవాళ్లూ లేరు. పొయ్యి దగ్గర కూర్చోవడం తప్ప మాకు పని లేదు."

నేను మొహం జెల్లాబా టోపీలోకి లాక్కున్నాను. ఏడ్చానో నవ్వానో వాళ్లనడుగు, వాళ్లు ఒక్కొక్కడు ఒక్కోలా చెబుతారు.

అంతలో ఒకడు నా చెయ్యి పట్టుకుని, "సరేగాని, నా బండి పొద్దున నీలం పొగ వదులుతోంది. ఒకసారి చూడవా?" అన్నాడు.

"నాకు కళ్లేవిరా చూడటానికి?"

"చూడొద్దులే, విను" అన్నాడు.

మా బస్సు హారన్ కొడుతూ నా ముందునుంచే వెళ్లింది. నేను అప్పటికే అతని బానెట్ మీద చెవి ఆనించి ఉన్నాను. మళ్లీ బస్సు మర్నాడే. సాయంత్రం దాకా ఐదు బండ్లు విన్నాను, రాత్రి బస్సూ ఇంట్లో వేడివేడి హరీరా సూపు తాగి పడుకున్నాను. నీకు చెప్పొద్దని నేనే అన్నాను, నీ పనికి అడ్డం రాకూడదని. ఐదింటిలో రెండింటివి మామూలు జబ్బులే, ప్లగ్గులు పోయాయి. మూడోదాని వాడు ఆయిలు మొన్ననే మార్చానన్నాడు, రెండేళ్లయిందని ఇంజనే చెప్పేసింది. నాలుగోదానికి ఏమీ లేదు, వాడికి తాళం తిప్పాక కాస్త ఆగే ఓపిక లేదు.

ఐదోదానిది వాల్వుల పని. సన్నపని, ఎవరో ఒకరు కొలత చదివి చెప్పాలి. మంచు కరిగాక మార్చిలో వస్తానని మాటిచ్చాను. ఆ వారం కాన్పులేవీ పెట్టుకోకు.

మీ బాబాయి
హద్దూ